ఒంటికి పడలేదు అంటే?

పోయిన నెల మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పైన ఎర్రటి అక్షరాలతో "మెదడు చిప్‌ను తిప్పికొట్టింది!" అని. తీరా చూస్తే మెదడులో చిప్ పెట్టే న్యూరాలింక్ కంపెనీ మొదటి పేషెంట్ నోలాండ్ ఆర్బా సంగతి, 2024 నాటి పాత ముచ్చటే, ఎవరో దానికి దెయ్యం సినిమా మ్యూజిక్ తగిలించి మళ్ళీ వదిలారు. నేను పట్టించుకోలేదు. పావుగంట తర్వాత దాని కింద అమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఒరేయ్, మన పాపకి కూడా లోపల అలాంటిదే ఉంది కదా, అది కూడా పడకుండా పోతుందేంట్రా?"

ఈ "పడటం" దగ్గరే నా పేచీ. వంకాయ పడదు, పెన్సిలిన్ పడదు, ఈ ఊరి నీళ్ళు పడవు. ఒంటికీ బయటి వస్తువుకీ పొసగనప్పుడు మనం వాడే మాట ఇది, రోజువారీ బతుక్కి చక్కగా సరిపోతుంది. కానీ నరాల పక్కన పెట్టి ఏళ్ళ తరబడి వదిలేసే యంత్రాల విషయంలో ఈ మాట పేషెంటుకి చాలా అన్యాయం చేస్తోంది అని నా అభిప్రాయం. ఏది చెడిపోయినా తప్పు ఒంటి మీదకి నెట్టేస్తుంది. ఇది నాకు పుస్తకాల్లో చదివితే వచ్చిన అభిప్రాయం కాదు, మా ఇంట్లో మూడు వారాల ఏడుపు తర్వాత వచ్చింది. చదవడం ఆ తర్వాతే మొదలైంది.

పాప అంటే మా చెల్లెలి కూతురు. పుట్టుకతోనే వినపడదు. మూడో ఏట కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించాం, ఆరోగ్యశ్రీలో, అప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. ఇప్పుడు దానికి పదకొండేళ్ళు, నోరు విప్పితే ఆపదు. ఇంప్లాంట్ పిల్లలున్న ఇళ్ళవాళ్ళకి మ్యాపింగ్, కాయిల్, ఏవీటీ అంటే వివరించక్కర్లేదు, లేనివాళ్ళు ఇంతవరకు తెలుసుకుంటే చాలు: చెవి లోపల నత్తగుల్లలాంటి గదిలో సన్నటి తీగ ఉంటుంది, మా పాపదానికైతే దాని మీద 22 ఎలక్ట్రోడ్లు, అవి వినికిడి నరానికి నేరుగా కరెంటు ఇస్తాయి. బయట చెవి వెనక ప్రాసెసర్, దాన్నుంచి ఒక చిన్న తంతి, తంతి చివర అయస్కాంతంతో తలకి అతుక్కునే కాయిల్. మెదడులో చిప్ అని ఇప్పుడు ప్రపంచం నోరు తెరుచుకుని చూస్తోంది గానీ, నరంతో మాట్లాడే యంత్రాన్ని పెట్టుకుని తిరిగేవాళ్ళు పది లక్షల దాకా ఉన్నారు, అందులో మన ఊళ్ళ పిల్లలు కూడా బోలెడుమంది.

మూడు వారాలు

పాపకి ఎనిమిదేళ్ళప్పుడు ఉన్నట్టుండి సరిగా వినడం మానేసింది. పిలిస్తే ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. స్కూల్లో డిక్టేషన్ సగం ఖాళీ. చెల్లెలూ బావగారూ పొద్దున్నే బస్సెక్కి నాలుగు గంటలు ప్రయాణం చేసి సెంటరుకి తీసుకెళ్ళారు. ఆ రోజు అక్కడ జనం ఎక్కువ. ఉన్నాయన పాపని నాలుగు మాటలు పిలిచి చూశాడు, ఫైలు తిరగేశాడు, "లోపల ఫైబ్రోసిస్, అంటే పీచు పొర వచ్చినట్టుందమ్మా, కొంతమందికి ఒంటికి పడదు, మళ్ళీ ఆపరేషన్ అవసరం పడొచ్చు, పెద్ద డాక్టరుగారు వచ్చాక రండి" అని పంపించేశాడు. పేరు చెప్పను, ఆయన చెడ్డవాడేం కాదు, రోజుకి నలభై మందిని చూసే మనిషి.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు సంగతి. మా అమ్మ మొదటి ప్రశ్న: "ఆపరేషనయిన కొత్తలో పత్యం సరిగ్గా చేయించావా?" వంకాయ పెట్టిందా, గోంగూర పెట్టిందా, చీము పట్టేవేమన్నా పెట్టిందా అని ఐదేళ్ళ కిందటి తిండి మీద విచారణ. అత్తగారింటి వైపు నుంచి ఇంకో మాట, మేనరికం కదా రక్తంలోనే ఉంది అని. మా చెల్లెలు పైకి ఏమీ అనలేదు, రాత్రి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, నా పిల్ల ఒళ్ళే అలాంటిదేమో" అంది. ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మూడు వారాల తర్వాత వేరే ఊళ్ళో ఇంకో చోట చూపించాం. అక్కడి మేడమ్ పాపతో ఒక్క మాట మాట్లాడకముందే తన దగ్గరున్న కాయిల్ తగిలించి ఇంపీడెన్స్ తీసింది. అంటే లోపలి ప్రతి ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటుకి ఎంత అడ్డు తగులుతోందో కొలిచే పరీక్ష, రెండు నిమిషాల పని. 22 అంకెలు వచ్చాయి, అంతకు ముందేడు తీసిన కాగితంతో పోల్చింది, అంతా మామూలే. అప్పుడు మా పాప తంతిని వేళ్ళతో అటూ ఇటూ వంచింది, ప్రాసెసర్ మీద లైటు ఆరిపోయి వెలిగింది. తంతి లోపల తీగ తెగి ఉంది. తంతి మార్చింది. పాప ఉలిక్కిపడి, "ఫ్యాన్ చప్పుడొస్తోంది" అంది.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్, హైదరాబాదులో ఫ్యాక్టరీలకి సెన్సార్లు పెట్టే కంపెనీలో పనిచేస్తాను. బాయిలర్ దగ్గర రీడింగు తేడా వస్తే మేం సెన్సార్‌ని అనుమానించం, ముందు కనెక్టర్ ఊడదీసి చూస్తాం. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజే చెప్పే పాఠం అది. అలాంటి నేను కూడా ఆ మూడు వారాలూ తంతి సంగతే ఆలోచించలేదు. "ఒంటికి పడలేదు" అని వినగానే బుర్ర అక్కడే ఆగిపోయింది.

లోపల నిజంగా జరిగేది

మా నాయనమ్మ మడమలో ఒక గట్టి బుడిపె ఉండేది. పడుచుతనంలో కలుపు తీస్తుంటే తుమ్మముల్లు దిగి విరిగిపోయిందట. జిల్లేడు పాలు పోశారు, పిన్నీసుతో గెలికారు, రాలేదు. కొన్నాళ్ళు వాచి, సలిపి, తర్వాత సలపడం మానేసింది. "గూడు కట్టేసిందిరా" అనేది. ఆ గూడుతోనే యాభై ఏళ్ళు పొలానికి నడిచింది.

నరాల ఇంప్లాంట్ల మీద నేను చదివిన దానిలో సగం ఈ బుడిపె కథే. డాక్టర్లు తిరస్కరణ అనేది కిడ్నీ మార్చినప్పుడు జరిగేది, వేరే మనిషి కణాల మీది గుర్తుల్ని మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టి పనిగట్టుకుని చంపడం. సిలికాన్ మీద, ప్లాటినం మీద, టైటానియం మీద అలాంటి గుర్తులేవీ ఉండవు. వాటి దగ్గర జరిగేది వేరు. లోపల పెట్టిన క్షణాల్లోనే మన సొంత ప్రోటీన్లు దానికి అంటుకుంటాయి. మింగే కణాలు వచ్చి మింగబోతాయి, మింగుడుపడదు. మింగలేని దాన్ని కప్పేస్తాయి. ఒంట్లో మిగతా చోట్ల ఆ కప్పు పీచు పొర, మెదడులో అయితే ఆ పని మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్లు అనే కణాలు చేస్తాయి. మైక్రోగ్లియా అయితే సూది దిగిన మొదటి గంటలోపే చేతులు చాచి దాన్ని తడుముతాయి, బతికున్న ఎలుక మెదడులో మైక్రోస్కోపుతో చూశారు. ఆరు నుంచి పన్నెండు వారాల్లో చుట్టూ గట్టి పొర తయారవుతుంది. ఆ తర్వాత సలపరం చాలావరకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

పోదు అన్నది ముఖ్యం. 2005లో యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలుకల మీద ఒక తెలివైన పని చేశారు. కొన్నిటికి ఎలక్ట్రోడ్ గుచ్చి వెంటనే తీసేశారు, కొన్నిటికి లోపలే ఉంచారు. నాలుగు వారాలకి చూస్తే, గుచ్చి తీసేసిన చోట గాయం దాదాపు మానిపోయింది, ఉంచేసిన చోట మాత్రం చుట్టూ వంద మైక్రాన్ల దూరంలో, అంటే వెంట్రుక మందమంత మేర, నాడీకణాలు సుమారు 40 శాతం తగ్గాయి. గుచ్చడం వల్ల కంటే ఉండిపోవడం వల్లే ఎక్కువ నష్టం. ముల్లు తీసేస్తే మర్నాటికి మర్చిపోతాం, విరిగి ఉండిపోతేనే గూడు.

ఎందుకు ఉండిపోతే సలపరం? ఒక కారణం చాలా మోటుది. మెదడు గడ్డపెరుగంత మెత్తన, సిలికాన్ దానికంటే పది కోట్ల రెట్లకు పైగా బిరుసు. పైగా మెదడు కదలకుండా కూర్చునే వస్తువు కాదు, ఊపిరి తీసినప్పుడల్లా, గుండె కొట్టుకున్నప్పుడల్లా కాస్త ఊగుతుంది. పుర్రెకి బిగించిన సూది పెరుగులో నిలబడి ఉంది, పెరుగు ఊగుతోంది. రోజుకి లక్ష సార్లు. సన్నగా, మెత్తగా, దారాల్లా చేయాలని అందరూ పరిగెత్తేది అందుకే.

ఆర్బా విషయంలో జరిగిందీ ఇలాంటి మోటు సంగతే. చిప్ నుంచి మెదడులోకి దించిన 64 సన్నటి ఎలక్ట్రోడ్ దారాల్లో చాలావరకు కొన్ని వారాల్లోనే మెదడులోంచి వెనక్కి జారాయి. ఏ కణమూ వాటిని పట్టి బయటికి తోయలేదు. ఆపరేషన్ తర్వాత మెదడు కదలడం, దారాలు నిలవాల్సినంత లోతులో నిలవకపోవడం, అంతే. దారాలు జారే ప్రమాదం ఉందని జంతువుల మీద చేసినప్పుడే కంపెనీకి తెలుసు అని 2024 మే నెలలో రాయిటర్స్ రాసింది. తెలిసిన లెక్క తప్పితే దానికి "మెదడు తిప్పికొట్టింది" అని పేరు పెట్టడం ఏం న్యాయం? మిగిలిన దారాలతోనే సాఫ్ట్‌వేర్ మార్చుకుని అతను మళ్ళీ ఆలోచనతోనే కంప్యూటర్ కర్సర్ కదిపాడు, చెస్ ఆడాడు. ఆ భాగం వీడియోలో లేదు.

ముందు పాడయ్యేది ఎవరు

మా పాప తంతి సంగతి తర్వాత నాకు ఒక పిచ్చి పట్టింది. ప్రపంచంలో ఇలాంటివి ఎన్ని పెట్టారు, పాడైనవి దేనివల్ల పాడయ్యాయి అని ఎవరైనా కూర్చుని లెక్కేశారా అని వెతకడం మొదలెట్టాను. 2013లో వచ్చిన ఒక లెక్క దొరికింది. కోతుల మెదళ్ళలో పెట్టిన 78 యూటా ఆరేలు, అంటే నాలుగు మిల్లీమీటర్ల చదరంలో వంద సూదులున్న బుల్లి దువ్వెనల్లాంటివి. పాడైన వాటిలో సగానికి పైగా ఏడాది లోపే పాడయ్యాయి. కారణాల్లో పెద్ద వాటా, దాదాపు సగం, యాంత్రిక లోపాలు. ఆ యాంత్రిక లోపాల్లో 83 శాతం కనెక్టర్!

నిజంగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కనెక్టర్. మా ఫ్యాక్టరీ పాఠమే.

ఒంటి వల్ల పాడైనవి మొత్తం లెక్కలో 24 శాతం. తక్కువేం కాదు, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. అందులో కూడా అన్నిటికంటే ఎక్కువ కనిపించింది సూదుల చుట్టూ గూడు కాదు, మెదడు పై పొరలు పెరిగి ఆరేని మెల్లగా పైకి లేపేయడం.

మనుషుల్లో చూస్తే ఇంకో సంగతి. తలలోంచి తీగ బయటికి రావాలంటే చర్మంలో కన్నం ఉండాలి, అక్కడ పుర్రెకి బిగించిన చిన్న పీఠం ఉంటుంది. పిట్స్‌బర్గ్‌లో 2012లో ఆలోచనతో కదిపే రోబో చేత్తో చాక్లెట్ తిన్న జాన్ షూర్‌మన్‌కి రెండేళ్ళ తర్వాత అవి తీసేశారు, పీఠం చుట్టూ చర్మం వెనక్కి పోవడం వల్ల. ఒహాయోలో ఇయాన్ బర్కార్ట్ 2014లో పెట్టించుకుని 2021లో ఇన్ఫెక్షన్ వల్ల తీయించుకున్నాడు. బ్రెయిన్‌గేట్ అనే పరిశోధన బృందం వాళ్ళు 14 మంది మీద, అందరివీ కలిపి 12,203 రోజులు లెక్కగట్టి చూస్తే మెదడు లోపల ఇన్ఫెక్షన్ ఒక్కటీ లేదు, ఎక్కువసార్లు వచ్చిన బాధ పీఠం చుట్టూ చర్మం ఒరుసుకోవడమే. చర్మం పని మూసుకోవడం. మూసుకోనివ్వకుండా మధ్యలో ఇనుప గుమ్మం పెట్టి, తర్వాత చర్మానికి పడలేదంటే ఎలా? కాక్లియర్ ఇంప్లాంట్ ఈ గొడవ నుంచి ఎప్పుడో తప్పించుకుంది, చర్మం మూసేసి అవతల నుంచి, అయస్కాంతంతో అతుక్కున్న కాయిల్ ద్వారా మాట్లాడుతుంది. న్యూరాలింక్ కూడా ఈ ఒక్క విషయంలో అదే దారి పట్టింది, అది మెచ్చుకోవాల్సిందే.

ఇక కంపెనీ అనే కనెక్టర్ ఒకటుంది. ఆర్గస్ 2 అని కంటి రెటీనా మీద పెట్టే ఇంప్లాంట్, 350 మందికి పైగా పెట్టించుకున్నారు. లోపల ఎలక్ట్రోడ్లు బాగానే ఉండగా బయట కంపెనీ చేతులెత్తేసింది, కళ్ళజోడు పాడైతే బాగుచేసేవాళ్ళు లేరు. కనుగుడ్డు ఏం తప్పు చేసింది పాపం. మన దగ్గర ఆపరేషన్‌కి ప్రభుత్వం లక్షలు పెడుతుంది, వారంటీ అయిపోయాక తంతికి, బ్యాటరీలకి ఇంట్లోవాళ్ళు తడుముకోవాలి. తంతి కొనలేక నెలల తరబడి ప్రాసెసర్‌ని బీరువాలో పెట్టిన ఇల్లు మా థెరపీ సెంటరులోనే చూశాను. ఆ పిల్లవాడి గురించి కూడా చుట్టాలు అనేది ఇదే, "వాడికి పడలేదంట."

మైకు పట్టుకున్నవాడూ, గుసగుస వినేవాడూ

ఇంత చెప్పాక గూడు లెక్కలోకి రానిదే అనుకుంటే పొరపాటు. మా పెదనాన్న కొడుకు ఈఎన్‌టీ డాక్టరు. ఈ వ్యాసంలో సగం రాసి చదివి వినిపిస్తే, "నువ్వు చెప్పేది సగమేరా, మీ ఇంజినీర్లందరికీ తంతి తప్ప ఏమీ కనపడదు" అన్నాడు. చనిపోయాక దానం చేసిన చెవి ఎముకల్ని కోసి చూస్తే, ఇంప్లాంట్ తీగ చుట్టూ పీచు పొరే కాదు, కొత్తగా పెరిగిన ఎముక కూడా చాలామందిలో ఉందట. ఆపరేషన్ తర్వాత కూడా మిగిలిన కాస్త సహజ వినికిడి, నెలలు గడిచాక, ఏ దెబ్బా తగలకుండానే మెల్లగా పోవడం వాళ్ళు చూస్తూనే ఉంటారు, దాని వెనక ఈ పొర ఉందని అనుమానం. పాత తీగ తీసి కొత్తది పెట్టాల్సి వస్తే ఆ పొరలోంచి దారి చేసుకోవాలి. "ఇదంతా తంతి మారిస్తే పోతుందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అయితే అంత పొర ఉన్నా ఆ మనుషులు బతికున్నన్నాళ్ళూ ఇంప్లాంట్‌తో విన్నారు కదా, అదెలా అని అడిగాను. ఇక్కడే నాకు విషయం కొంచెం తేటపడింది. కాక్లియర్ ఇంప్లాంట్ చేసేది మాట్లాడటం. మధ్యలో గోడ లేస్తే గొంతు పెంచుకుంటుంది, అంటే కరెంటు కాస్త పెంచుతారు. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, పక్క నరాలకి కూడా కరెంటు చిమ్ముతుంది, మాట కొంచెం మసకబారుతుంది, అయినా పని జరుగుతుంది. పార్కిన్సన్స్‌కి మెదడు లోతున పెట్టే డీబీఎస్ తీగ అయితే ఒక మిల్లీమీటరు పైగా మందం, చుట్టూ పొర కట్టినా ఏళ్ళ తరబడి వణుకు ఆపుతూనే ఉంటుంది. హైదరాబాదు నిమ్స్‌లో అది పెట్టించుకుని, కాఫీ కప్పు తొణక్కుండా తాగే పెద్దమనిషి ఒకాయన మా కాలనీలోనే ఉన్నారు.

ఆలోచనల్ని చదివే చిప్పులు చేయాల్సింది వినడం. అదీ ఒక్కో నాడీకణం మైక్రోవోల్టుల్లో చేసే గుసగుస. అది వంద మైక్రాన్లు దాటితే వినపడదు. సరిగ్గా ఆ వంద మైక్రాన్లలోనే పొర కడుతుంది, సరిగ్గా అక్కడే కణాలు తగ్గుతాయి. గోడ అవతలవాడి గుసగుసని ఎంత పెద్ద మైకు పెట్టినా ఏం వినగలం. కాబట్టి ఒకే గూడు ఒక యంత్రానికి చిన్న చికాకు, ఇంకోదానికి చావు. తేడా ఒంటిలో లేదు, మనం దాన్నుంచి ఏం ఆశిస్తున్నాం అన్నదాంట్లో ఉంది. "పడలేదు" అనే మాట ఈ తేడాని మొత్తం మింగేస్తుంది.

వినేవాళ్ళు కూడా అందరూ ఓడిపోలేదు. కాళ్ళూ చేతులూ చచ్చుబడిన కేథీ హచిన్సన్ ఆరే పెట్టించుకున్న ఐదేళ్ళకి పైగా గడిచాక రోబో చేత్తో కాఫీ సీసా ఎత్తి తాగింది, 2012లో నేచర్ పత్రికలో వచ్చింది. నేథన్ కోప్‌లాండ్ 2015లో పెట్టించుకుని ఏళ్ళ తరబడి వాడాడు, మధ్యలో ఒబామాకి రోబో పిడికిలి తగిలించాడు. సిగ్నల్ మొదట్లో ఉన్నట్టు ఉండదు, తగ్గుతుంది. విడి విడి కణాల గొంతులు పోయినా గుంపు గోల మిగులుతుంది, సాఫ్ట్‌వేర్ దాంట్లోంచే అర్థం ఏరుకుంటుంది.

అసలు గూడు చెడ్డదే అని కూడా అంత తేలిగ్గా అనలేం. వెన్నుపాము గాయం దగ్గర ఆస్ట్రోసైట్లు కట్టే మచ్చ వల్లే నరాలు మళ్ళీ పెరగలేకపోతున్నాయని దశాబ్దాలుగా పాఠాల్లో ఉంది. 2016లో కాలిఫోర్నియా వాళ్ళు ఎలుకల్లో ఆ మచ్చ కట్టకుండా ఆపి చూశారు. నరాలు పెరగలేదు. పైగా మచ్చ ఉంటేనే, పెరిగే మందులు ఇచ్చినప్పుడు, దాన్ని దాటుకుని పెరిగాయి. అంటే మనం ఇన్నాళ్ళూ తిట్టిన గోడ అటువైపు నుంచి ఏదో మరమ్మతు చేస్తోంది. చీము లోపలికి పాకకుండా, తీగ ఊగకుండా పట్టి ఉంచేదీ ఆ పొరే కావచ్చు.

పిలిచి కూర్చోబెట్టినవాళ్ళు

ఒంటితో పోట్లాడకుండా దాని అలవాటునే వాడుకున్నవాళ్ళు కొందరున్నారు, నాకు వాళ్ళంటే ఎక్కువ ఇష్టం. అట్లాంటాలో ఫిలిప్ కెనడీ అనే డాక్టరు, సూది మొనకి బదులు చిన్న గాజు గరాటు చేశాడు, నరాలు పెరగడానికి ప్రేరేపించే పదార్థం అందులో పెట్టాడు. నరాల కొసలు వాటంతట అవే గరాటులోకి పెరిగి, అవతలి నుంచి బయటికొచ్చి, దాన్ని పట్టేసుకున్నాయి. 1998లో ఒళ్ళంతా చచ్చుబడిన జానీ రే అనే ఆయన దాంతో కర్సర్ కదిపాడు. ఆ కెనడీయే 2014లో బెలీజ్ వెళ్ళి తన మెదడులోనే పెట్టించుకున్నాడు, తెలివిగలవాళ్ళ పిచ్చి అలా ఉంటుంది. తల మీది గాయం పూర్తిగా మానక కొన్ని నెలలకే తీయించేయాల్సి వచ్చింది. మళ్ళీ చర్మమే చూడండి.

మెల్‌బోర్న్‌లో మొదలైన స్టెంట్‌రోడ్ ఇంకో దారి. మెడ సిరలోంచి పంపి, మెదడు మీది పెద్ద రక్తనాళంలో స్టెంట్‌లా విప్పుతారు, రక్తనాళం లోపలి పొర దాని మీదుగా పెరిగి గోడలో కలిపేసుకుంటుంది. ఇక్కడ కప్పేయడమే కావాలి. గుండె పేస్‌మేకర్ వాళ్ళయితే 1980ల్లోనే తీగ చివర చుక్క స్టెరాయిడ్ పెట్టి, మొదటి వారాల వాపు తగ్గించి, తక్కువ కరెంటుతో సరిపెట్టుకోవడం నేర్చుకున్నారు. కాక్లియర్ వాళ్ళు అదే ఎత్తు ఇప్పుడు ప్రయత్నిస్తున్నారు. ఇంత ఆలస్యం ఎందుకో.

నాకు మిగిలిన సందేహం ఒకటుంది, దాచను. పేషెంటు మీద తప్పు పడకూడదన్న పట్టుదలతో నేను ఒంటిని మరీ అమాయకురాలిని చేసేస్తున్నానా? "తంతి చూడు, తంతి చూడు" అని నేను అరిచినందువల్ల రేపు ఏ తల్లో నిజంగా లోపల మొదలైన దాన్ని తంతి అనుకుని మూడు వారాలు వృథా చేస్తే? మా డాక్టరు అన్నయ్య భయం అదే. అందుకే నేను చెప్పేది ఒకటే, ఎవరైనా "పడలేదు" అంటే కాగితం అడగండి. ఇంపీడెన్స్ తీశారా, పోయినసారి ఎంత, ఈసారి ఎంత, అన్నిట్లోనూ పెరిగిందా, ఒక్కదాంట్లోనా, తంతి మార్చి చూశారా. ఈ ఐదు ప్రశ్నలకి జవాబు లేకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

ఆ కాగితాలు మా దగ్గర ఇప్పుడు ఎనిమిదేళ్ళవి ఉన్నాయి, చెల్లెలు ప్లాస్టిక్ ఫైలులో పెట్టి, పట్టుచీరల బీరువాలో దాచింది. నేను వాటిని ఒక ఎక్సెల్ షీటులోకి ఎక్కించాను. ఇరవై గీతలు బల్లపరుపుగా ఉన్నాయి. 1, 2 నంబర్ల గీతలు మాత్రం మూడేళ్ళుగా కొంచెం కొంచెం పైకి పోతున్నాయి. మా పాప తీగలో ఆ రెండూ గుమ్మం దగ్గరవి, తీగ లోపలికి దూరిన చోట. పీచు పొర ఎక్కువగా కట్టేది కూడా అక్కడే. తంతి మార్చి చూశాం, కాయిల్ మార్చి చూశాం. గీతలు మారలేదు.

సంక్రాంతి ముందు మ్యాపింగ్‌లో, అంటే ఏ ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంటో ప్రాసెసర్‌లో సర్దే పనిలో, మేడమ్ ఆ రెండిటినీ ఆపేసి, వాటి పని పక్కవాటికి పంచింది. హెచ్చు శ్రుతిలో కీచుగా ఉండే శబ్దాలు వచ్చేది వాటి మీదే కాబట్టి "స" కీ "శ" కీ కొన్నాళ్ళు తికమక పడుతుంది అని చెప్పింది. పడింది కూడా, రెండు వారాలు కుక్కర్ విజిల్ వేస్తే "ఎవరో ఊదుతున్నారు" అనేది. అమ్మకి ఫోన్‌లో ఇదంతా చెప్పాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే పాపే ఫోన్ లాక్కుంది. "అమ్మమ్మా, నాకు లోపల గూడు కట్టిందంట, రెండు లైట్లు ఆర్పేశారు, ఇంకా ఇరవై ఉన్నాయిలే" అంది. అమ్మ అటు నుంచి ఏమందో నాకు వినపడలేదు. పాపకి వినపడింది, నవ్వుతోంది.